సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే రచయితలకు ఒక అట్టల మనిషి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, మాస్టారూ, డాక్టర్ గారూ, రిటైర్డ్ ఏవో గారూ,

అందరికీ నమస్కారం. మీలో ఎవర్ని ఏమని పిలవాలో తెలీక నా కొట్టు మెట్లెక్కి వచ్చేవాళ్ళని ఎలా పిలుస్తానో అలాగే పిలిచేశా, ఏమనుకోకండి. నేను విజయవాడలో డీటీపీ చేస్తా, అట్టలు వేస్తా. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్ కొట్టుకుంటూ మొదలెట్టినవాణ్ణి, ఇప్పుడు ఇన్‌డిజైన్ దాకా వచ్చా. ఈ ఉత్తరం కథలు, కవిత్వం వేసుకునేవాళ్ళకి కాదు, వాళ్ళ లెక్క వేరు. పనికొచ్చే సంగతులు రాసేవాళ్ళకి. వ్యవసాయం, ఆరోగ్యం, ఊరి చరిత్ర, పిల్లల చదువు, డబ్బు సంగతులు, ఉద్యోగ జీవితం, యాత్రలు, ఇలాంటివన్నమాట. ముప్పై ఏళ్ళు ఒక పని చేసి అందులో తెలిసిందంతా నోటుబుక్కుల్లో రాసుకుని, పీఎఫ్ డబ్బుల్లోంచి కొంత తీసి పుస్తకం వేసుకునేవాళ్ళు. మీ పుస్తకాలు కంపోజ్ చేస్తూ నేను నిజంగా చాలా నేర్చుకున్నానండి, మొహమాటానికి చెప్పట్లేదు. అందుకే అమ్ముడుపోని ఆ పుస్తకాల కట్టలు మీ అటక మీద ఉండిపోతుంటే బాధేసి రాస్తున్నా.

ముందు నేను చూసింది చెప్తా. జనవరిలో ఇక్కడ పుస్తకాల పండగ జరిగినప్పుడు సాయంత్రాలు ఒక ఫ్రెండ్ స్టాల్లో కూర్చుంటా. బిల్లులు రాయడం నా పని, కానీ నా కళ్ళన్నీ టేబుల్ ముందు నడిచే జనం మీదే. మనిషి నడుస్తూనే ఉంటాడు, ఆగడు, కళ్ళు మాత్రం అట్టల మీద జారుకుంటూ పోతాయి, ఎక్కడో ఒకచోట తట్టుకుంటే చెయ్యి చాపుతాడు. తీసుకున్నాక ముందట్ట ఇంకోసారి చూస్తాడు, వెంటనే తిప్పి వెనకట్ట, తర్వాత రేటు, తర్వాత మధ్యలో ఎక్కడో తెరిచి నాలుగు లైన్లు. అంతే. ముందుమాట ఎవరు రాశారా అని వెతికిన మనిషిని నేను ఇంతవరకూ చూళ్ళేదు. మరి మీరేమో నా దగ్గర కూర్చున్న నాలుగు గంటల్లో మూడు గంటలు ముందుమాటల వరసక్రమం గురించే మాట్లాడతారు, ఫలానా ఆయనది ముందు రాకపోతే నొచ్చుకుంటారని.

అసలు గొడవంతా ఇదేనండి. మీరు అట్ట వేయించేది ఆవిష్కరణ సభలో వేదిక మీద కూర్చునేవాళ్ళ కోసం. వాళ్ళు నలుగురూ కొనరు. వాళ్ళకి మీరే సంతకం పెట్టి, పైగా శాలువా కప్పి ఇస్తారు. కొనేవాడు మిమ్మల్ని ఎప్పుడూ చూడనివాడు, మీ పేరు విననివాడు, జేబులో ఉన్న 150 రూపాయలు పుస్తకానికి పెట్టాలా, ఇంటికి వెళ్తూ పిల్లలకి ఏదైనా తీసుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నవాడు. ఆ మనిషితో మాట్లాడాల్సింది మీ పుస్తకం పేరు, అట్ట. మీరు పక్కనుండరు కదా చెప్పడానికి.

పేర్ల సంగతికొస్తా. నా దగ్గరికొచ్చే పేర్లు రెండు రకాలు. ఒకటి తరంగాలు, కిరణాలు, సౌరభాలు, పరిమళాలు, మంజరి, కదంబం, గవాక్షం బాపతు. రెండోది సమగ్ర పరిశీలన, ఒక అవలోకనం, విహంగ వీక్షణం బాపతు. మొదటి రకం చూస్తే లోపల ఏముందో తెలీదు, కవిత్వమనుకుని పక్కనపెడతారు. రెండో రకం చూస్తే యూనివర్సిటీకి ఇచ్చిన థీసిస్ అనుకుని ఇంకా దూరంగా పెడతారు. లోపల మాత్రం బంగారం లాంటి సంగతులుంటాయి.

ఒక పుస్తకం గురించి చెప్తా, ఆయన అనుమతి అడిగే చెప్తున్నా, పేరు మాత్రం వద్దన్నారు. రిటైరైన పశువుల డాక్టర్ గారు. పాడి పశువుల గురించి 160 పేజీల పుస్తకం రాశారు. పేరులో పాడి ఉంది, దాని తర్వాత ఒక అడ్డగీత, ఆ అడ్డగీత తర్వాత సమగ్ర పరిశీలన. అట్ట మీద వేణువు ఊదుతున్న కృష్ణుడు, పక్కన తెల్లటి ఆవు, పైన ఓంకారం. వేసింది నేనే, ఒప్పుకుంటున్నా, ఆయన అడిగారు నేను వేశా. 500 కాపీలు వేయించారు. తెలిసినవాళ్ళకి ఇచ్చినవి పోను మిగతావన్నీ ఏడాది పైన మంచం కింద ఉన్నాయి. కొన్నవాళ్ళలో ఒకరిద్దరు అది భక్తి పుస్తకమని కొన్నారట, గోపూజ గురించి ఏదో ఉంటుందని. పాపం.

మళ్ళీ వచ్చి ఏం చేద్దామయ్యా అన్నారు. నేను ఒకటే అడిగా, సార్ మీరు సర్వీసులో ఉన్నప్పుడు రైతులు పొద్దున్నే మీ ఇంటికొచ్చి ఎక్కువగా ఏమడిగేవాళ్ళు అని. ఆయన ఆలోచించకుండా చెప్పేశారు, గేదె ఎదకొస్తోంది కానీ చూడి నిలవట్లేదండీ అని అడుగుతారు, అదే పది మందిలో ఆరుగురి బాధ అని. సార్ అదే మీ పుస్తకం పేరు అన్నా. ఆయన మొహం మాడిపోయింది. అట్టమీద అలాంటి మాట ఎలా రాస్తామయ్యా, సభలో కలెక్టర్ గారి ముందు ఆ పేరు ఎలా చదువుతారు అన్నారు. చూశారా, మళ్ళీ సభే! రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. పెద్ద అక్షరాలతో 'గేదె చూడి నిలవట్లేదా?', కింద చిన్నగా 'పాడి రైతు ఇంట్లోనే గమనించుకోవాల్సిన సంగతులు, ఒక పశువైద్యుడి 30 ఏళ్ళ అనుభవం'. కృష్ణుణ్ణి తీసేసి ముర్రా గేదె తల ఒక్కటి, కొమ్ము మెలిక తిరిగి ఉంటుంది కదా, అది అట్ట పై మూలని తాకేలా పెట్టాం. పసుపు మీద నల్లటి గేదె. ఇంకేం లేదు.

కొత్తగా అచ్చు కూడా వెయ్యలేదండి. పాత కాపీల అట్టలు పీకించి, పేరున్న మొదటి ఫారం (పేజీల కట్ట) ఒక్కటి మార్చి, కొత్త అట్ట అంటించి మూడు వైపులా మళ్ళీ ట్రిమ్ చేయించాం, సైజు నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గింది, ఎవరూ పట్టించుకోలేదు. లోపల మాత్రం ఈ పుస్తకం ఇంతకుముందు ఫలానా పేరుతో వచ్చిందని ఒక లైను వేశాం, ఒకే మనిషి రెండుసార్లు కొనకూడదు కదా. పాల సెంటర్లో పెట్టారు, పశువుల మందుల షాపులో కౌంటర్ మీద పెట్టారు. మంచం కింద ఖాళీ అయింది, తర్వాత ఇంకో ముద్రణ కూడా వేశాం. పుస్తకంలో మిగతా ఒక్క అక్షరం మారలేదు, అది గుర్తుపెట్టుకోండి.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. 1920ల్లో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో జిరార్డ్ అనే చిన్న ఊళ్ళో హాల్డెమన్ జూలియస్ అని ఒక పబ్లిషర్ ఉండేవాడు, ఐదు సెంట్లకి ఒకటి చొప్పున చిన్న నీలం పుస్తకాలు కోట్లలో అమ్మాడు. అమ్ముడుపోని పుస్తకానికి ముందు పేరు మార్చి చూసేవాడు. జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ రాసిన వాదనల పుస్తకం 'ద ఆర్ట్ ఆఫ్ కాంట్రవర్సీ' అనే పేరుతో కదలకపోతే, 'లాజికల్‌గా వాదించడం ఎలా' అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో పేరు మార్చాడు, 30 వేల కాపీలు అమ్ముడుపోయాయి. ఈ లెక్కలన్నీ ఆయనే 1928లో పుస్తకంగా రాసిపెట్టాడు. అంటే వందేళ్ళ కిందటి సంగతి. మనం ఇంకా సౌరభాల దగ్గరే ఉన్నాం.

ఇంతకీ పేరు పెట్టాలంటే కూర్చుని నిఘంటువు తిరగెయ్యక్కర్లేదు. మీ దగ్గరికొచ్చి జనం ఏ మాటల్లో అడుగుతారో ఆ మాటలు రాసుకోండి చాలు. షుగర్ గురించి రాసే డాక్టర్ గారూ, మీ పేషెంటు ఎవరైనా మధుమేహం అంటారా? షుగర్ అంటారు. అట్ట మీద మధుమేహం అని ఎందుకు మరి? ఒకావిడ మెనోపాజ్ మీద చక్కటి పుస్తకం రాసి రుతువిరతి అని పెట్టారు, అది చూసి ఒక పెద్దాయన వానాకాలం పంటల గురించా అమ్మా అన్నాడు. లోపల ఎంత శాస్త్రీయంగానైనా రాయండి, గుమ్మం దగ్గర మాత్రం వాడుక మాట ఉండాలి. పేరు చిన్నగా, ఆపే మాటగా ఉండాలి, దాని కింద ఉపశీర్షికలో అసలు ఇది ఎవరికి, ఏం చెప్తుంది అనేది తేటగా చెప్పెయ్యాలి. రెండూ ఒకే లైన్లో ఇరికిస్తే అది గజెట్ నోటిఫికేషన్ అయిపోతుంది. అలాగని ఎగబడి 'నెల రోజుల్లో కోటీశ్వరుడు' అని పెట్టకండి, లోపల లేనిది అట్ట మీద చెప్తే ఆ మనిషి ఇంకో పది మందికి కొనొద్దని చెప్తాడు, ఊళ్ళల్లో ఆ మాట మహా స్పీడుగా పోతుంది.

ఊరి చరిత్రలు రాసేవాళ్ళకి ఒక్క మాట. ఊరి పేరు పెద్దగా వెయ్యండి బాబూ, అదే మీ టైటిల్. 'నాటి వెలుగులు' అని పెట్టి ఊరి పేరు కింద చీమంత వేస్తారు. ఆ పుస్తకం కొనేది ఆ ఊళ్ళో పుట్టి హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్నవాడు, ఊరి వాట్సాప్ గ్రూపులో అట్ట కనపడగానే వాడికి తెలియాల్సింది ఆ నాలుగక్షరాలే. ఊరి చెరువో, గుడి గోపురమో, బడి అరుగో, అక్కడ పెరిగినవాడు చూడగానే అరే అనుకునేది ఒక ఫొటో. చాలు. ఎమ్మెల్యే గారి ఫొటో లోపల వేసుకోవచ్చు.

పేరు ఖాయం చేసేముందు ఆ పేరుతో పుస్తకం ఏదైనా ఉందా అని ఆన్‌లైన్లో ఒకసారి వెతకండి. పేరు మీద కాపీరైట్ ఉండదు, 2015లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది, కాబట్టి కేసు భయం కాదు, మీ పుస్తకం అడిగితే ఇంకోటి చేతికొచ్చే భయం. ఇంకో సంగతి, ఫోన్లో మనవాళ్ళు చాలామంది తెలుగు పేరుని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి వెతుకుతారు. ఆన్‌లైన్లో పెట్టేటప్పుడు తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి, రెండూ ఉండేలా చూసుకోండి. అను ఫాంట్స్‌లో కొట్టిన పేరు కాపీ చేసి అక్కడ పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, యూనికోడ్‌లో మళ్ళీ కొట్టాల్సిందే. ఐఎస్‌బీఎన్‌ అనే పుస్తకం గుర్తింపు నంబరు కోసం ఏజెంట్లకి డబ్బులు కట్టకండి, రాజా రామ్మోహన్‌ రాయ్ పేరు మీద ఉన్న జాతీయ ఏజెన్సీ ఊరికే ఇస్తుంది. పేరు మారిస్తే మాత్రం కొత్త నంబరు తీసుకోవాలి.

ఇప్పుడు అక్షరాలు. ఇది నా సొంత విభాగం కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతా, భరించండి.

తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం లాగా ఒక గదిలో ఒదిగి కూర్చోదు. పైన గుడి, ఏత్వం, కింద వత్తు. పేరు రెండు లైన్లయిందంటే పై లైను వత్తులు కింద లైను గుడుల మీద పడతాయి. అందుకని లైన్ల మధ్య ఎడం పెంచాలి, ఎడం పెంచితే అక్షరం సైజు తగ్గించాలి, తగ్గిస్తే దూరానికి కనపడదు. అందుకే మనకి చిన్న పేరు ఇంకా అవసరం, ఇంగ్లీషు వాళ్ళకన్నా ఎక్కువ అవసరం. స్వాతంత్ర్యోద్యమం అనే మాట అట్ట మీద పెద్దగా వేసి చూడండి, నా బాధ తెలుస్తుంది. వీలైతే వత్తులు తక్కువున్న మాట ఎంచుకోండి, రెండు మాటల్లో ఏదైనా పర్లేదు అనిపించినప్పుడు. ఫాంట్ల కరువు కూడా లేదిప్పుడు, రామభద్ర లాంటి లావుపాటివి గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా ఉన్నాయి. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో 'స్త్రీ' కొడితే 'స్‌త్‌రీ' అని విరిగిపోతోందని మీ అబ్బాయి అంటే, ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోమనండి. విరిగిన వత్తులతోనే అచ్చుకెళ్ళిన అట్టలు నేను చూశాను, స్త్రీల ఆరోగ్యం మీద పుస్తకం, అట్ట మీద స్త్రీయే లేదు.

ఇంకా నీడలు, మెరుపులు, త్రీడీ ఉబ్బులు, ఎర్ర అక్షరానికి పసుపు అంచు, పసుపుకి మళ్ళీ నల్ల అంచు, ఇవన్నీ అడగకండి దయచేసి. మన అక్షరాల్లో చుట్లుంటాయి, ఆ చుట్ల మధ్య ఖాళీయే అక్షరాన్ని చదివిస్తుంది, అంచులు వేస్తే ఆ ఖాళీ పూడిపోతుంది. థ కి ధ కి తేడా చిన్న చుక్క, అది పోతే అర్థమే పోతుంది. బాపు గారు పుస్తకం పేరు రాస్తే ఆ అక్షరాలే బొమ్మ, చిత్రకారులు మోహన్ గారి, చంద్ర గారి అట్టలు తీసి చూడండి, ఎంత ఖాళీ వదిలారో. మీరేమో ఖాళీ కనపడగానే అక్కడ ఇంకో ఫొటో వెయ్యొచ్చు కదా అంటారు, డబ్బులిచ్చాం కదా అన్నట్టు.

బొమ్మల దగ్గర ఈమధ్య కొత్త తంటా, ఏఐ. ఫోన్లో రైతు బొమ్మ తెప్పించుకుని వస్తున్నారు. మొన్నొకాయన తెచ్చిన బొమ్మలో రైతు చేతికి ఆరు వేళ్ళు, ఎడ్లకి కాడి మెడ మీద కాకుండా వీపు మీద ఉంది, వెనక బోర్డు మీద తెలుగులా కనపడే తెలుగు కాని అక్షరాలు. మీ పుస్తకం సేద్యం మీద, కొనేవాడు రైతు, వాడు చూసే మొదటి తప్పు అట్ట మీదే ఉంటే లోపల నమ్ముతాడా? గూగుల్లో దొరికిన ఫొటోలు కూడా తేవద్దు, అవి ఎవరో తీసినవి. మీ ఫోన్‌తో మీరే తీయండి, మీ చేలో, మీ క్లాసురూములో. డెమీ సైజు అట్ట అంటే 5.5 అంగుళాల వెడల్పు, 8.5 ఎత్తు, అంగుళానికి 300 చుక్కల లెక్కన కనీసం 1650కి 2550 పిక్సెళ్ళు ఉండాలి, బ్లీడ్ కోసం, అంటే అంచు కోతలో పోయే భాగం కోసం, చుట్టూ ఇంకో 3 మిల్లీమీటర్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపిస్తే అది బొమ్మని నలిపేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. ఇంకా ఫోన్లో మెరిసిపోయే చిలకపచ్చ కాగితం మీద అలా రాదు, ప్రింట్ రంగులు వేరు, ముందు ఒక డిజిటల్ ప్రూఫ్ తీయించుకోండి, ఆఫ్‌సెట్ ప్లేట్లు అయ్యాక నన్ను తిట్టి లాభం లేదు.

ఆన్‌లైన్లో మీ అట్ట బొటనవేలి గోరంత కనపడుతుంది. ఆ సైజులో పేరు చదవగలగాలి. నేను చేసే టెస్టు ఏంటంటే, అట్ట వేసిన బొమ్మని నా వాట్సాప్ డీపీగా పెట్టుకుంటా, గుండ్రంగా కొంత కోస్తుంది అనుకోండి, అయినా మా అమ్మకి ఫోన్ ఇచ్చి ఏముందో చదువమ్మా అంటా. కళ్ళజోడు లేకుండా చదివితే పాస్.

వెనకట్ట గురించి ఎక్కువ రాయను, చెప్తే మీకు కోపమొస్తుంది. బిరుదులు, సన్మానాల లిస్టు లోపలికి మార్చండి. అక్కడ నాలుగు లైన్లు, ఈ పుస్తకం చదివితే నీ ఏ చిక్కు తీరుతుంది అనేది. మీరెవరో రెండు లైన్లు, ఎన్నేళ్ళు ఏ పని చేశారో. రేటు. ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్. అంతే.

స్పైన్ మాత్రం మర్చిపోకండి. షాపులో పది రోజులయ్యాక మీ పుస్తకం టేబుల్ మీంచి ర్యాక్‌లోకి వెళ్తుంది, ఇక కనపడేది ఆ వెన్ను ఒక్కటే. 70 జీఎస్ఎం మాప్లిథో కాగితం మీద 200 పేజీలంటే దాదాపు సెంటీమీటరు మందం, అందులో పేరు, మీ పేరు పట్టాలి. ఒకసారి నా దగ్గర ఏమైందంటే, అట్ట అంతా రెడీ అయి లామినేషన్‌కి వెళ్ళాక ఒక సార్ ఇంకో ముగ్గురి ముందుమాటలు, అభినందన సందేశాలు కలిపి 48 పేజీలు పెంచి ప్రెస్సుకి నేరుగా ఇచ్చేశారు. నాకు చెప్పలేదు. నేనూ ఆఖరి పేజీల లెక్క అడగలేదు, అది నా తప్పు. రెండు మిల్లీమీటర్లు పైన తేడా వచ్చింది, స్పైన్ మధ్యలో ఉండాల్సిన పేరు ఓ పక్కకి జరిగి, అట్ట అంచు స్పైన్ మీదకి ఎక్కింది. వెయ్యి కాపీలు. ర్యాక్‌లో పెడితే పేరు వంకరగా ఓ పక్కన కనపడుతుంది.

డబ్బు మాట కూడా చెప్పేస్తా, నాకు బేరం కోసం అనుకున్నా ఫర్లేదు. ఆవిష్కరణ సభకి హాలు, ఫ్లెక్సీలు, శాలువాలు, దండలు, టిఫిన్లు, వీడియో. అట్ట దగ్గరికొచ్చేసరికి మా మేనల్లుడు కాన్వాలో చేస్తాడులే. చెయ్యనివ్వండి, తప్పులేదు, బాగా చేసే పిల్లలున్నారు, నాకన్నా బాగా చేసినవాళ్ళని చూశా. కానీ వాడికి పుస్తకం లోపల ఏముందో, కొనేదెవరో చెప్పండి కనీసం. చాలామంది నాకే చెప్పరు. పేరు, ఫొటో ఇచ్చి సాయంత్రానికి కావాలి అంటారు.

అందుకని ఈసారి నా దగ్గరికి వచ్చినా, ఇంకెవరి దగ్గరికి వెళ్ళినా, ఒక తెల్ల కాగితం మీద ఒక మనిషి గురించి రాసుకుని రండి. పాఠకులు అని కాదు, ఒక్క మనిషి. ఏ ఊరు, ఏం పని, మీ పుస్తకం ఎక్కడ నిలబడి కొంటాడు, ఏ బాధతో కొంటాడు, ఆ బాధని ఏ మాటల్లో చెప్తాడు. ఆ కాగితం ఉంటే అట్ట పని సగం అయిపోయినట్టే. ముందుమాటల వరస తర్వాత చూసుకుందాం. పొద్దున పది నుంచి ఉంటా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు భోజనానికి వెళ్తా, అప్పుడు వచ్చి తాళం చూసి తిట్టుకోకండి.

ఇట్లు,
మీ అట్టలు వేసే మనిషి
(ఆ కృష్ణుడి అట్ట వేసింది కూడా నేనే)